ఇల్లు ఇస్తామంటే సంతోషమే, ఖాళీ చేసే రోజు సంగతి ముందు తేల్చుకోండి

ప్రశ్న: నేను ఒక పెద్ద విద్యాసంస్థలో గణితం చెబుతున్నాను. బడికి దగ్గరలో అద్దెలు మా జీతాలకు అందవు. అందుకే ఊరి చివర ఉంటున్నాం. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర పడుతుంది. బడి వెనక సంస్థకు ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఇళ్ళు కట్టి సిబ్బందికి తక్కువ అద్దెకు ఇవ్వాలని యాజమాన్యం అనుకుంటోంది. విధివిధానాలు రాయడానికి వేసిన కమిటీలో సిబ్బంది తరఫున నన్ను కూర్చోబెట్టారు. సహోద్యోగుల్లో కొందరు 'ఇళ్ళు వద్దు, ఆ డబ్బేదో జీతంలో కలపమనండి' అంటున్నారు. బస్సు డ్రైవర్లు, ఆయాలు 'మరి మా సంగతేమిటి?' అని అడుగుతున్నారు. ముసాయిదాలో మాత్రం టీచర్ల ప్రస్తావన తప్ప మరెవరి ఊసూ లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. నాకూ ఆ ఇల్లు కావాలి, చాలా కావాలి. కమిటీలో ఉంటూ నేనే దరఖాస్తు పెట్టుకోవడం తప్పవుతుందా? మొదటి సమావేశంలో ఏమి అడగాలో చెప్పండి.
— ఒక ఉపాధ్యాయిని

సమాధానం:

టీచరు గారూ,

పథకాన్ని సమర్థించండి. అయితే ఎన్ని ఇళ్ళు, ఎంత అద్దె, ఎవరికి ముందు అనే చర్చలోకి దిగకముందే ఒక్క విషయం కాగితం మీద పెట్టమని పట్టుబట్టండి. ఉద్యోగం మానేసినా, తీసేసినా, రిటైరైనా, చివరికి మనిషే పోయినా, ఆ కుటుంబం ఆ ఇంట్లో ఎన్నాళ్ళు ఉండవచ్చు? ఇల్లు చేతికొచ్చే రోజు అందరూ సంతోషంగానే ఉంటారు. ఆ రోజు ఎవరూ ఎవరినీ మోసం చేయరు. అసలు పరీక్ష తాళం తిరిగి ఇవ్వాల్సిన రోజున వస్తుంది. దానికి సమాధానం పునాది తవ్వకముందే రాయించుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ముందుగా మీ సహోద్యోగుల అభ్యంతరం చూద్దాం. జీతం పెంచమనడంలో తప్పేమీ లేదు. జీతం పింఛనులో లెక్కకొస్తుంది, ఎక్కడికి వెళ్ళినా వెంట వస్తుంది, దాన్ని ఎలా ఖర్చు పెట్టుకోవాలో మన ఇష్టం. ఇంటికి ఈ గుణాలేవీ లేవు. కానీ బడి చుట్టుపక్కల ఇళ్ళే తక్కువగా ఉన్నచోట అందరి జీతమూ కొంచెం పెరిగితే, అదే పది ఇళ్ళకు అదే వంద మంది ఇంకొంచెం ఎక్కువ అద్దె ఇస్తామంటూ పోటీ పడతారు. పెరిగిన దానిలో చాలా భాగం ఇంటి యజమానులకు చేరుతుంది. కొత్త ఇల్లు ఒక్కటీ పుట్టదు. అందుకే రెండిటినీ పోటీకి పెట్టకండి. ఇంటి సౌకర్యాన్ని జీతంలో భాగంగా లెక్కగట్టకూడదనీ, జీతాల సవరణ చర్చల్లో 'మీకు ఇళ్ళిచ్చాం కదా' అనే వాదన తేకూడదనీ తీర్మానంలో ఒక వాక్యం చేర్చమనండి. ఇల్లు దొరకని వారికి ఈ వాక్యం మరీ ముఖ్యం. ఎన్ని కట్టినా అందరికీ సరిపోవు. ఇల్లు రాని టీచరు జీతం మాత్రం ఇల్లు వచ్చిన టీచరు పేరు చెప్పి ఆగిపోకూడదు.

ఇళ్ళు కడితే నిజంగా ఉపయోగం ఉంటుందా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి కాలిఫోర్నియాలో మంచి ఉదాహరణలున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోను ఆనుకుని ఉండే డేలీ సిటీలో జెఫర్సన్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్ అని, ఆ ప్రాంతపు ప్రభుత్వ హైస్కూళ్ళను నడిపే సంస్థ ఒకటుంది. సుమారు 500 మంది సిబ్బంది. అద్దెలు భరించలేక, ఇతర కారణాలతో ఏటా దాదాపు నాలుగో వంతు మంది వెళ్ళిపోయేవారు. 2018లో అక్కడి ఓటర్లు 3.3 కోట్ల డాలర్ల బాండుకు, అంటే పన్నులతో తీర్చే ప్రజా రుణానికి, ఆమోదం తెలిపారు. ఆ డబ్బుకు మరికొంత అప్పు జోడించి, తమ సొంత స్థలంలో 122 ఫ్లాట్లు కట్టి 2022లో సిబ్బందికి ఇచ్చారు. స్థలం కొనే పని లేకపోవడమే అక్కడ కలిసొచ్చిన పెద్ద అంశం. మీ సంస్థకూ స్థలం ఉంది. అంటే ఖర్చులో అతి కష్టమైన భాగం ఇప్పటికే మీ చేతిలో ఉన్నట్టే.

అదే ఏడాది, అదే ప్రాంతంలోని మిల్పిటాస్ పట్టణంలో పాఠశాలల అధికారులు విద్యార్థుల తల్లిదండ్రులకు ఒక విన్నపం పంపారు. మీ ఇంట్లో ఖాళీ గది ఉంటే మా టీచరుకు అద్దెకు ఇవ్వగలరా అని. చాలా మంది ముందుకొచ్చారు కూడా. ఆ తల్లిదండ్రుల మంచితనానికి దండం పెట్టాలి. కానీ పొద్దున ఏ పిల్లవాడికి మార్కులు వేశారో, సాయంత్రం అదే పిల్లవాడి ఇంట్లో ఒక గదిలో తలదాచుకోవాల్సి రావడం ఏ టీచరుకైనా ఇబ్బందే. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా పల్లెల్లో టీచర్లు వంతులవారీగా విద్యార్థుల ఇళ్ళలో కొన్నాళ్ళ చొప్పున ఉండేవారు. ఎవరింట్లో ఏమి తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు, ఎవరితో మాట్లాడారు అన్నీ ఊరందరికీ తెలిసేవి. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ స్థితికి రావాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన విషయానికి వస్తాను. ఇల్లూ ఉద్యోగమూ ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో చరిత్రలో స్పష్టంగా రాసి ఉంది. 1880లలో షికాగో దగ్గర జార్జ్ పుల్‌మన్ అనే రైలు పెట్టెల తయారీదారు తన కార్మికుల కోసం ఏకంగా ఒక పట్టణమే కట్టించాడు. ఇటుక ఇళ్ళు, కుళాయి నీళ్ళు, పార్కు, గ్రంథాలయం. దూరదూరాల నుంచి వచ్చి చూసి మెచ్చుకున్నారు. 1893లో మాంద్యం వచ్చింది. కంపెనీ కూలిలో దాదాపు నాలుగో వంతు కోసింది. అద్దెలు మాత్రం తగ్గించలేదు. కూలి ఇచ్చేదీ అద్దె వసూలు చేసేదీ ఒక్కరే కావడంతో కార్మికుడి చేతిలో చివరికి మిగిలేది చాలా తక్కువ. 1894 మేలో మొదలైన సమ్మె రైలు మార్గాల వెంట దేశంలో చాలా భాగానికి పాకింది. చివరకు 1898లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు, ఆ కంపెనీ తన వ్యాపారానికి అవసరం లేని ఆ ఇళ్ళను వదులుకోవాలని తీర్పు చెప్పింది. కట్టిన ఇళ్ళు మంచివే. ఆ ఊళ్ళో మనిషికి ఎదురు మాట్లాడే వీలు లేకపోయింది, అంతే.

బడి ఫ్యాక్టరీ కాదని మీ యాజమాన్యం అనవచ్చు. నిజమే, వారి ఉద్దేశం మంచిదనే నేనూ అనుకుంటున్నాను. అయినా ఇలాంటి ఒప్పందాల్లో తరచూ కనిపించే ఒక వాక్యాన్ని తీసుకోండి. 'ఉద్యోగం ముగిసిన 30 రోజుల్లోగా నివాసాన్ని ఖాళీ చేయవలెను.' చదవడానికి సబబుగానే ఉంటుంది. దాన్ని ఒక ఇంటి గడపలో నిలబెట్టి చూడండి. పిల్లలను దింపి వచ్చిన డ్రైవరు ఒక రాత్రి గుండెపోటుతో పోయాడు. పెద్దమ్మాయి అదే బడిలో పదో తరగతి. పరీక్షలు ఆరు వారాల్లో ఉన్నాయి. కర్మకాండలు, బీమా కాగితాలు, బ్యాంకు చుట్టూ తిరగడాలతో మూడు వారాలు ఇట్టే గడిచిపోతాయి. నాలుగో వారంలో నోటీసు వస్తుంది. పంపిన గుమాస్తాకు చేయి వణికే ఉంటుంది, కానీ నిబంధన అలా ఉంది కాబట్టి పంపక తప్పదు. ఆ అమ్మాయి పుస్తకాలు అట్టపెట్టెల్లోకి వెళతాయి. ఇందులో ఏ ఒక్కరూ చెడ్డవారు కారు. ఒక్క వాక్యం రాసేటప్పుడు ఎవరూ అంత దూరం ఆలోచించలేదు.

అందుకని మీరు ఈ మాటలు అడగండి. తనంతట మానేసిన వారికి కనీసం మూడు నెలలు, లేదా ఆ విద్యా సంవత్సరం ముగిసే వరకు, ఏది ఎక్కువైతే అది. తొలగించిన వారి విషయంలో అప్పీలు తేలేదాకా ఇల్లు కదపకూడదు. రిటైరైన వారికి, ఉద్యోగంలో ఉండగా మరణించిన వారి కుటుంబానికి ఏడాది, పాత అద్దెకే. ప్రసూతి సెలవు, దీర్ఘకాలిక అనారోగ్యం, క్రమశిక్షణ విచారణ, సమ్మె, వీటిలో ఏదీ ఖాళీ చేయించడానికి కారణం కారాదు. చివరిదానికి యాజమాన్యం ముఖం చిట్లించవచ్చు. మెత్తగానే, కానీ వదలకుండా అడగండి. నిజాన్ని నిర్భయంగా చెప్పాల్సిన వృత్తి మీది. ఇంట్లో పడుకున్న పసిపిల్లవాడిని తలుచుకుని స్టాఫ్ మీటింగులో గొంతు పెగలని స్థితి టీచరుకు రాకూడదు.

బ్రిటన్ అనుభవం కూడా కమిటీ ముందు పెట్టండి. 2004లో అక్కడి ప్రభుత్వం లండన్, ఆగ్నేయ, తూర్పు ఇంగ్లండ్ ప్రాంతాల్లో టీచర్లు, నర్సులు, పోలీసుల వంటి వారికి ఇల్లు కొనుక్కోవడానికి సాయపడే పథకం తెచ్చింది. ఆ వృత్తి వదిలేసిన వారు తీసుకున్న సాయాన్ని తిరిగి కట్టాలి, కానీ అందుకు రెండేళ్ళ గడువిచ్చారు. ఉద్యోగానికీ ఇంటికీ ముడి ఉంది, ఆ ముడి విప్పుకోవడానికి వ్యవధీ ఉంది. మనిషి కాళ్ళూ చేతులూ కూడదీసుకోవడానికి అంత సమయం పడుతుందని ఒక ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు 30 రోజులు ఎలా సరిపోతాయి?

దీనికి యాజమాన్యం వైపు నుంచి ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. పాతవారు కదలకపోతే కొత్తగా చేరే టీచర్లు ఎక్కడ ఉండాలి? కాలిఫోర్నియాలోనే శాంటా క్లారా పాఠశాలల యంత్రాంగం 2002లోనే 'కాసా డెల్ మాయెస్ట్రో' పేరుతో టీచర్లకు ఫ్లాట్లు కట్టింది. తర్వాత మరికొన్ని కలిపి మొత్తం 70 చేశారు. ఇంత కాలమే ఉండాలని గడువు పెట్టారు. మొదట ఐదేళ్ళు, తర్వాత ఏడేళ్ళకు పెంచారు. ఈలోగా పొదుపు చేసుకుని సొంత ఇల్లు చూసుకుంటారని ఆలోచన. గడువు పెట్టడం తప్పని నేను అనను, కాకపోతే అందరికీ ఒకే గడువు పెట్టవద్దని అంటాను. ఇరవై ఆరేళ్ళ సైన్సు టీచరుకు ఏడేళ్ళలో జీతం పెరుగుతుంది, దారి దొరుకుతుంది. నలభై ఎనిమిదేళ్ళ ఆయాకు ఏడేళ్ళ తర్వాత కూడా బయటి అద్దె అందదు. ఆమెకు గడువు పెట్టడమంటే బయటికి పంపే తేదీ ముందే రాసి పెట్టుకోవడమే. జీతం ఒక స్థాయి దాటిన వారికి గడువు, ఆ లోపు ఉన్నవారికి ఉద్యోగం ఉన్నంతకాలం ఇల్లు. నా లెక్కలో ఇదే న్యాయం.

ఆయా మాట వచ్చింది కాబట్టి డ్రైవర్ల ప్రశ్నకు వస్తాను. వారు అడిగింది నూటికి నూరుపాళ్ళు సరైన ప్రశ్న. బడి గంట ఎనిమిదిన్నరకు కొడతారు. డ్రైవరు అప్పటికే రెండు గంటలకు పైగా బండి మీద ఉంటాడు. వాచ్‌మన్, వంటమనిషి, ఊడ్చే ఆమె టీచర్లకంటే ముందు వస్తారు, చివర వెళతారు. అంత పొద్దున్నే వారి ఇళ్ళ వైపు నుంచి బస్సులు కూడా నడవవు. దగ్గర ఇల్లు ఎవరికి ఎక్కువ అవసరమో ఈ వేళలే చెబుతున్నాయి. జీతాలు చూసినా అంతే.

లాస్ ఏంజెలెస్‌లో ఈ విషయంలో జరిగినది మీ కమిటీలో అందరికీ తెలియాలి. 2015, 2016 ప్రాంతంలో అక్కడి పాఠశాలల యంత్రాంగం తన స్థలాల్లో సిబ్బందిని దృష్టిలో పెట్టుకుని ఇళ్ళు కట్టించింది. సెల్మా, సేజ్ పార్క్ అనే సముదాయాలు అలా వచ్చినవే. నిర్మాణానికి పన్ను రాయితీ నిధులు వాడుకున్నారు. ఆ నిధులకు ఒక షరతు ఉంది, అద్దెకుండేవారి ఆదాయం ఒక పరిమితికి లోబడి ఉండాలి. తీరా చూస్తే టీచర్ల జీతం ఆ పరిమితిని దాటిపోయింది. మార్కెట్లో అద్దెకు చాలదు, సాయానికి మాత్రం ఎక్కువైంది. ఆ ఇళ్ళు చివరకు బస్సు డ్రైవర్లకు, భోజనశాల సిబ్బందికి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తోడుండే సహాయకులకు అందాయి. వారికి అందడం ఎంతో మంచిదైంది, అందులో సందేహం లేదు. కానీ ఎవరి కోసమని చెప్పి కట్టారో వారు గేటు బయటే ఉండిపోయారు. నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయో, వాటి వెంట ఏ షరతులు వస్తున్నాయో ముందు చూసుకోకపోతే జరిగేది ఇదే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 2024లో తెరిచిన షర్లీ చిజమ్ విలేజ్‌లో ఈ పాఠం పనికొచ్చినట్టు కనిపిస్తుంది. పాఠశాలల యంత్రాంగం స్థలంలో 135 ఇళ్ళు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 40 శాతం దగ్గర ఉన్నవారి నుంచి 120 శాతం దాకా ఉన్నవారి వరకు వేర్వేరు అంచెలు పెట్టారు. తరగతి సహాయకురాలికీ టీచరుకూ ఒకే ప్రాంగణంలో చోటు దొరికేలా. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ షర్లీ చిజమ్ పేరు పెట్టారు దానికి. రాజకీయాల్లోకి రాకముందు ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. ముసాయిదాలో 'సిబ్బంది అందరూ' అని రాయించి, ఇళ్ళలో ఒక వాటాను బోధనేతర సిబ్బందికి విడిగా కేటాయించమనండి. విడి వాటా లేకుండా సీనియారిటీ, హోదా అంటూ జాబితా వేస్తే వారి పేర్లు ఎప్పుడూ అడుగునే ఉంటాయి. కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా పనిచేసేవారి సంగతి కూడా అప్పుడే తేల్చండి. జీతం చిట్టాలో పేరు లేదన్న కారణంతో ఇరవై ఏళ్ళుగా అదే గేటు కాస్తున్న మనిషిని బయటివాడని అనడం అన్యాయం.

అద్దె ఎంత ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. 'మార్కెట్ ధరలో ఇంత శాతం' అన్న లెక్కకు ఒప్పుకోకండి. ఇంగ్లండ్‌లో 2011 నుంచి సామాజిక గృహాల్లో ఒక రకానికి మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా వసూలు చేసే వీలిచ్చి, దాన్ని అందుబాటు అద్దె అన్నారు. మార్కెట్ రెండింతలైతే దానిలో 80 శాతమూ రెండింతలవుతుంది, జీతం మాత్రం ఎక్కడిదక్కడే. అద్దెను జీతానికి ముడిపెట్టండి. ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదన్నది చాలా దేశాల్లో వాడుకలో ఉన్న కొలత. అది పై హద్దు. తక్కువ జీతం ఉన్నవారికి ఇంకా తగ్గించాలి, ఎందుకంటే తిండి, మందులు, చదువుల ఖర్చు పోగా వారికి మిగిలేదే తక్కువ. కరెంటు, నీళ్ళు, నిర్వహణ రుసుము ఆ 30 శాతంలోపే ఉండాలని స్పష్టంగా రాయించండి. అద్దె తక్కువ చూపించి నిర్వహణ పేరుతో వడ్డించడం చాలాచోట్ల జరుగుతుంది. పెంపు కూడా జీతం పెరిగిన ఏడాదే, అదీ పెరిగిన శాతానికి మించకుండా.

ఇక యజమాని ఎవరు? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రోజువారీ జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా తగిలేది ఇదే. కుళాయి కారితే ప్రిన్సిపాల్‌కు చెప్పుకోవాలా? అద్దె వారం ఆలస్యమైతే అది సర్వీసు రికార్డులోకి ఎక్కుతుందా? చుట్టం వచ్చి పది రోజులుంటే ఎవరైనా వచ్చి అడుగుతారా? నియామకాలు, బదిలీలు, పదోన్నతులు చూసే వారెవరికీ ఇళ్ళ నిర్వహణలో పాత్ర ఉండకూడదు. షర్లీ చిజమ్ విలేజ్‌ను కట్టింది మిడ్‌పెన్ హౌసింగ్ అనే లాభాపేక్ష లేని సంస్థ. పాఠశాల స్థలమిచ్చింది. అలాంటి సంస్థ దొరికితే దానికి, లేదా అద్దెకుండేవారికి చోటున్న సహకార సంఘానికి నిర్వహణ అప్పగించమనండి. భూమి మాత్రం ఎవరికీ అమ్మవద్దు, దీర్ఘకాలిక లీజుకే ఇవ్వాలి. అమ్మేస్తే ఒకటి రెండు తరాల తర్వాత ఆ ఇళ్ళు ఎవరివో ఎవరికీ గుర్తుండదు.

ప్రాంగణానికి, ఇళ్ళకు మధ్య వేరే దారి, వేరే గేటు ఉండాలని నక్షా దశలోనే చెప్పండి. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఆటస్థలంలో ఉన్న ఎనిమిదో తరగతి పిల్లలు చూసి చేయి ఊపడం ఒకటి రెండు రోజులు ముచ్చటగా ఉంటుంది, తర్వాత ఉండదు. సెలవు రోజున 'ఇక్కడే ఉన్నారుగా, ఒక్కసారి రండి' అని పిలవడం మొదలవుతుంది. ఇల్లు దగ్గరగా ఉన్నందుకు పనివేళలు పెరగకూడదన్న నిబంధన కూడా ఒప్పందంలో ఉండాల్సిందే.

కట్టడమే ఏకైక మార్గమనీ అనుకోవద్దు. నిర్మాణం ఏళ్ళ తరబడి సాగుతుంది, ఈలోగా మీ గంటన్నర ప్రయాణం ఆగదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో మూతపడిన పాత డబ్బాల ఫ్యాక్టరీ భవనాన్ని బాగుచేసి 2009లో మిల్లర్స్ కోర్ట్ పేరుతో 40 ఫ్లాట్లు చేశారు, టీచర్లకు అద్దెలో తగ్గింపు ఇచ్చారు. దగ్గరలో వాడకుండా పడి ఉన్న భవనం ఏదైనా ఉందేమో చూడండి. అలాగే సంస్థే కొన్ని ఇళ్ళను గుత్తగా లీజుకు తీసుకుని సిబ్బందికి ఇవ్వవచ్చు. అడ్వాన్సు కట్టలేక మంచి ఇల్లు వదులుకునేవారు చాలా మంది ఉంటారు. వారికి వడ్డీ లేని అడ్వాన్సు అప్పు ఇస్తే రేపటి నుంచే పని జరుగుతుంది. నిధుల విషయంలో నార్త్ కరోలినా దారి నాకు నచ్చింది. అక్కడ రాష్ట్ర ఉద్యోగుల పరపతి సంఘానికి చెందిన ఫౌండేషన్, హెర్ట్‌ఫర్డ్, డేర్ వంటి కౌంటీల్లో టీచర్ల ఇళ్ళకు వడ్డీ లేని అప్పు ఇచ్చింది. ఉద్యోగుల పొదుపు ఉద్యోగుల ఇళ్ళకే వెళ్ళింది. మీ సిబ్బందికి పరపతి సంఘం ఉంటే ఆ పెద్దలను సమావేశానికి పిలవండి.

సొంత ఇల్లే కావాలనేవారికి ఈ పథకంలో చోటు తక్కువ. వారి కోసం వేరే నమూనాలున్నాయి. అమెరికా గృహనిర్మాణ శాఖ కొన్ని ప్రాంతాల్లోని ఇళ్ళను టీచర్లకు సగం ధరకే అమ్ముతుంది. 36 నెలలు ఆ ఇంట్లోనే ఉండాలన్నది షరతు. అయితే బోధనేతర సిబ్బంది అందులోకి రారు. వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో 1984లో మొదలైన భూమి ట్రస్టు పద్ధతి ఇంకా మెరుగైనది. భూమి ట్రస్టుది, ఇల్లు మనది. అమ్ముకునేటప్పుడు పెరిగిన విలువలో నాలుగో వంతు మనకు వస్తుంది, మిగతాది ఇంటితోనే ఉండి తర్వాత కొనేవారికి ధర అందుబాటులో ఉంచుతుంది. దీని మీద మాట్లాడాలంటే ఇంకో ఉత్తరం రాయండి.

సమావేశానికి ముందు ఒక పని చేయండి. సిబ్బంది అందరికీ, అందరికీ అంటే వాచ్‌మన్ దాకా, పేరు రాయనక్కర లేని ఒక కాగితం ఇవ్వండి. నెలకు ఇంటికి ఎంత పోతోంది, రాకపోకలకు ఎంత, ఇంట్లో ఎందరు, బడి వెనక ఇల్లిస్తే వస్తారా, రాకపోతే ఎందుకు. ఈ చివరి ప్రశ్న వదలకండి. భార్యాభర్తల్లో ఒకరి ఉద్యోగం ఊరికి అటు చివర ఉంటే ఇల్లు ఇటు జరిగినా ప్రయాణం పోదు, అది చేసే మనిషి మారతారంతే. వృద్ధ తల్లిదండ్రులున్నవారికి ఒంటిగది ఇల్లు పనికిరాదు. ఇవి తెలియకుండా గీసిన నక్షాలో అందరికీ ఒకే కొలత గదులు వస్తాయి. చదవడం, రాయడం ఇబ్బందిగా ఉన్నవారి దగ్గర మీరే కూర్చుని అడిగి రాసుకోండి. పై అధికారి పక్కన లేనప్పుడు.

చుట్టుపక్కల ఇళ్ళవారి నుంచి అభ్యంతరాలు రావచ్చని కూడా తెలిసి ఉండాలి. 2018లో శాన్ హోసేలో రెండు బడుల స్థలాల్లో టీచర్లకు ఇళ్ళు అనగానే ఆ చుట్టుపక్కలవారు వ్యతిరేకిస్తూ వేల సంతకాలు చేశారు. ట్రాఫిక్ పెరుగుతుందని, తమ ఇళ్ళ విలువ తగ్గుతుందని వారి భయం. తమ పిల్లలకు చదువు చెప్పేవారు తమ పక్కన ఉండడానికి వీల్లేదన్నట్టుగా ఉండటం నాకు బాధ కలిగించింది. కానీ కోపగించుకుని లాభం లేదు. నక్షా ఖరారయ్యాక కాకుండా ముందే పిలిచి మాట్లాడితే చాలా భయాలు అక్కడికక్కడే తీరతాయి. వారి పిల్లలకు పాఠాలు చెప్పిన టీచర్లే వెళ్ళి మాట్లాడితే మరీ మంచిది.

చివరగా మీ సొంత ప్రశ్న. దరఖాస్తు పెట్టుకోండి. మీకు ఆ ఇంటి అవసరం ఉంది, ఆ అవసరం ఏమిటో తెలిసిన మనిషి కమిటీలో ఉండడం అందరికీ మేలే. సిబ్బంది ప్రతినిధికి ఇల్లు అక్కర్లేదంటే మాట్లాడే మాటల్లో బలమెక్కడ ఉంటుంది? అయితే మొదటి సమావేశంలోనే 'నేనూ దరఖాస్తుదారును' అని చెప్పి మినిట్స్‌లో రాయించండి. నియమాలు రాసే పనిలో పూర్తిగా పాల్గొనండి, పేర్లు ఎంపిక చేసే పనిలో మాత్రం ఉండకండి. ఎంపికకు వేరే ముగ్గురిని వేయమనండి, అందులో ఒకరు బోధనేతర సిబ్బంది నుంచి ఉండాలి. అర్హులు ఎక్కువై ఇళ్ళు తక్కువైతే అందరి ఎదుట చీట్లు తీయాలి. చీటీలో మీ పేరు వస్తే ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా తాళం తీసుకోండి. రాకపోతే నిరీక్షణ జాబితాలో మీ వరుస ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఆ జాబితా నోటీసు బోర్డు మీద ఎప్పుడూ ఉండాలన్నది కూడా మీరు రాసే నియమాల్లో చేర్చండి.